ఆఖరి లైను

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా అమ్మ అంటుంది, మా ఆయన అంటాడు, నాలుగు నెలలకోసారి మారే నా క్లాసు వాళ్లందరూ అంటారు. రౌటర్లు బిగించడం, వాటికి సెట్టింగులు పెట్టడం నేర్పే ఉద్యోగం నాది. నేర్చుకునేవాళ్లు తప్పులు చేయకుండా ఎలా ఉంటారు, అది నాకూ తెలుసు. తెలిసినా సరే, కేబుల్ కొనలో ఎనిమిది తీగల రంగులూ తారుమారుగా దూర్చేసి, పైగా "మేడం, పెట్టె పాడైపోయినట్టుంది" అని నా ముఖంలోకి చూస్తే ఒళ్లు మండిపోతుంది. పెట్టె పాడవలేదురా నాయనా, నా బుర్ర పాడైంది అంటాను. వాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఇలాంటి నా నోటికి దొరికాడు బాబాయి.

ఆయన నాకు చుట్టమేం కాదు. ఓడలు బాగుచేసే యార్డులో ఇరవై ఆరేళ్లు వెల్డింగు చేసి, ఆ వెలుగుకి కళ్లు దెబ్బతిని, యాభై ఒకటో ఏట మా శిక్షణ కేంద్రంలో చేరాడు. క్లాసులో మిగతావాళ్లంతా పాతికేళ్లలోపు వాళ్లే. మొదటిరోజే ఎవరో "బాబాయ్, కొంచెం ఆ కుర్చీ ఇటు జరుపుతావా" అన్నారు. అంతే, ఆ పిలుపు ఖాయమైపోయింది. వారం తిరక్కుండా నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. ఆయన నన్ను "అమ్మా" అనేవాడు. వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అయినా నేను కసిరితే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ నిలబడడం చూసి నాకు ఇంకా కోపం వచ్చేది.

ఇక మంట వైపు చూడ్డానికే వీల్లేదని డాక్టరు చెప్పేశాడట. యార్డు మేనేజరు మంచివాడు కాబట్టి వెంటనే ఇంటికి పంపలేదు. "మన యార్డులో నలభై రౌటర్లున్నాయి. వాటిని చూసుకునే మనిషి కావాలి. సర్టిఫికెట్ తెచ్చుకో, నిన్నే పెట్టుకుంటా" అన్నాడు. అని, ఏడాది ఆగాడు. ఈ నెలాఖరు దాటితే ఆగలేనని మొన్ననే కబురు పెట్టాడు. మా దగ్గర నాలుగు నెలలకోసారి పెట్టే పరీక్ష మూడుసార్లు మాత్రమే రాయనిస్తారు. బాబాయికి రెండు అయిపోయాయి.

మొదటిసారి ఎందుకు పోయిందో చెబుతాను. రౌటరుకి రెండు జ్ఞాపకాలుంటాయి. మనం టైపు చేసింది వెంటనే పనిచేయడం మొదలుపెడుతుంది, కానీ అది పైపైన ఉండే జ్ఞాపకం. కరెంటు పోతే పోతుంది. సేవ్ చేస్తేనే అది లోపలి జ్ఞాపకంలోకి వెళుతుంది. రౌటరు మళ్లీ లేచినప్పుడు చదువుకునేది ఆ లోపలిదాన్నే. బాబాయి ఆ రోజు అన్నీ పెట్టాడు, అన్నీ పనిచేశాయి, సేవ్ మాత్రం చేయలేదు. పరీక్షాధికారి స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. పెట్టె కొత్తగా కొన్నదానిలా ఖాళీగా లేచింది.

బయట వరండాలో ఆయన్ని నిలబెట్టి నానా మాటలూ అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది. ఆ మర్నాటినుంచి క్లాసులో ఒక చట్టం పెట్టాను. ఎవరు ఏ కాగితం రాసినా ఆఖరి లైను సేవ్ అయి ఉండాలి. కాగితం ఇవ్వగానే ముందు కింది లైనే చూసేదాన్ని. అది లేకపోతే పైన ఏం రాశారో చదవకుండానే కొట్టేసేదాన్ని. నా పోరు పడలేక బాబాయి ఆ ముక్కని ఎడమచేతి వెనక పెన్నుతో రాసుకుని తిరిగాడు. చెరిగిపోతే మళ్లీ రాసుకునేవాడు.

రెండోసారి పోవడానికి కారణం కళ్లు. నల్లటి తెర, దానిమీద చీమల్లాంటి అక్షరాలు. అరగంట చూసేసరికి ఆయనకి నీళ్లు కారిపోయేవి. తుడుచుకుంటూ, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సగం కొట్టేసరికి గంట కొట్టేశారు. ఆ రోజు నాకు కోపం రాలేదు, జాలేసింది. నా క్లాసులో జాలి ఎవరికీ పనికిరాదు కాబట్టి రెండు రోజులు కూర్చుని ఒక ఉపాయం ఆలోచించాను. తెల్లటి నోట్‌ప్యాడ్ తెరిచి, అక్షరాలు బొటనవేలంత చేసి, చేయాల్సిన లైన్లన్నీ ముందు అందులో రాసుకోవాలి. తీరిగ్గా సరిచూసుకోవాలి. తర్వాత మొత్తం ఒకేసారి కాపీ చేసి రౌటరు తెరమీద పడేయాలి. నల్లతెర వైపు చూసేది ఒక్క నిమిషమే.

"ఇదేదో నాకోసమే కనిపెట్టినట్టుందమ్మా" అన్నాడు బాబాయి.

"మీకోసమే కనిపెట్టాను మరి. ఇంకెవరికోసం" అన్నాను.

వాళ్లావిడ రోజూ మధ్యాహ్నం వచ్చేది, కంట్లో చుక్కలు వేయడానికి. ఆయన వేసుకుంటే చెంపల మీద పడతాయట. వరండాలో బల్లమీద ఆయన్ని వెనక్కి వాల్చి, రెప్పలు విడదీసి, లెక్కపెట్టి వేసేది. బాబాయికి భార్య కాబట్టి నాకు పిన్ని అయింది. చుక్కలు వేస్తూనే ఆయన్ని ఆటపట్టించేది. "ఇరవై ఆరేళ్లు ఇనుముని ఇనుముకి అతికించాడు. ఇప్పుడు గాలిని గాలికి అతికిస్తానంటున్నాడు. చూద్దాం, ఏం అతుక్కుంటుందో" అనేది. ఆయన కళ్లు మూసుకుని నవ్వేవాడు. కానీ వెళ్లేముందు ప్రతిసారీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఈసారైనా అవుతుందంటావా అమ్మాయ్" అని అడిగేది. అవుతుంది పిన్నీ అనేదాన్ని. ఏ ధైర్యంతో అనేదాన్నో నాకే తెలియదు.

మూడో పరీక్షలో పెద్ద ప్రశ్న దూరంగా ఉన్న రౌటరు మీద వస్తుందని ముందే తెలుసు. మనం ఈ గదిలో కూర్చుంటాం, పెట్టె ఇంకెక్కడో ఉంటుంది, ఇక్కడినుంచే దానికి సెట్టింగు మార్చాలి. ఎవరెవర్ని లోపలికి రానివ్వాలో జాబితా రాసి పెట్టాలి. ఆ జాబితాలో మన కంప్యూటరు నంబరు తప్పు రాశామా, పెట్టె మనల్నే బయటికి తోసి తలుపేసుకుంటుంది. తాళంచెవి లోపల మరిచిపోయి తలుపు లాగేసుకున్నట్టే. అందుకని మా పనిలో ఒక అలవాటుంది. జాబితా ముట్టుకునేముందు, "పది నిమిషాల్లో నీ అంతట నువ్వే ఆగి మళ్లీ లే" అని పెట్టెకి టైమరు పెడతాం. తలుపు పడిపోతే కంగారుపడకుండా కూర్చుంటాం. పది నిమిషాలకి పెట్టె ఆగి, లేచి, లోపలి జ్ఞాపకంలో ఉన్న పాత సెట్టింగు చదువుకుంటుంది. తలుపు తెరుచుకుంటుంది. అంతా సరిగ్గా ఉంటే టైమరు తీసేసి, అప్పుడు సేవ్ చేస్తాం.

ఇది క్లాసులో నేనే చెప్పాను. ఆఖరి లైను సేవ్ అనీ నేనే చెప్పాను. అన్నీ ఒకేసారి పడేయమనీ నేనే చెప్పాను. మూడూ వేరువేరు నెలల్లో, వేరువేరు కారణాలకి చెప్పాను. మూడూ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

పరీక్షరోజు పై ఆఫీసునుంచి పరీక్షాధికారిగా ఒకావిడ వచ్చింది. సన్నటి మనిషి. చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టుకుంది. నేలమీద పసుపు టేపుతో ఒక గీత వేయించి, నన్ను దాని వెనక నిలబెట్టింది. శిక్షకులు గదిలో ఉండొచ్చు, నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. చేస్తే ఆ ఒక్కరి పరీక్ష కాదు, గదిలో పన్నెండుమందిదీ రద్దు. అది ఆవిడ పెట్టిన నియమం కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. వాగుతూనే ఉంటుందని మేమంతా రేడియో అని పిలిచే అమ్మాయి కూడా ఆ రోజు పెదవులు బిగించి కూర్చుంది.

ప్రతి ఒక్కరికీ ఒక నీలం చీటీ ఇచ్చారు. దూరపు రౌటరు మొండికేస్తే ఆ చీటీ ఇవ్వొచ్చు. అప్పుడు కేంద్రం తాలూకు మనిషి వరండా చివరి గదిలోకి వెళ్లి, పెట్టెకి నేరుగా కేబుల్ తగిలిస్తాడు. ఆ దారిన లోపలికి వెళ్లి తప్పు దిద్దుకోవచ్చు. ఇరవై మార్కులు పోతాయి, అంతే. కానీ చీటీ పదకొండు లోపు ఇవ్వాలి. పరీక్ష తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా.

బాబాయి ఎంత బాగా చేశాడో చెప్పలేను. పదిన్నరకల్లా కేబుళ్లు కొనలు బిగించేశాడు. వెల్డింగు చేసిన చేతులు కదా, ఒక్క తీగ కూడా రంగు తప్పలేదు. బల్లమీది రౌటరుకి నంబర్లు పెట్టాడు, సేవ్ చేశాడు, ఆపి వేసి చూసుకున్నాడు. అన్నీ పచ్చదీపాలే. పరీక్షాధికారి వచ్చి చూసి, టిక్కులు పెట్టుకుని వెళ్లింది. ఇక మిగిలింది దూరపు పెట్టె. సగం మార్కులు దానికే.

నోట్‌ప్యాడ్ తెరిచాడు. అవి బొటనవేలంత అక్షరాలు కాబట్టి గీత వెనకనుంచి నాకు ఆయన తెర ఒక్కటే చదవడానికి వీలుగా ఉంది. ప్రశ్నపత్రం నకలు నా చేతిలో ఉంది. పదకొండు లైన్లు రాశాడు. ఏడో లైను అమలయితే జాబితా పనిచేయడం మొదలవుతుంది. రానివ్వాల్సిన నంబరు దగ్గర ప్రశ్నపత్రంలో 38 అని ఉంది. ఆయన 33 అని కొట్టాడు.

వేలు పెట్టి ఒక్కో లైనూ సరిచూసుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు. రెండోసారి కూడా ఆ కాగితంలోని సన్నటి ఎనిమిది ఆయనకి మూడుగానే కనిపించింది. పోనీలే, టైమరుందిగా అనుకున్నాను. ఇలాంటి తప్పు నేనూ ఎన్నోసార్లు చేశాను. టైమరు ఉండేదే ఇందుకు. ఆయన మరిచిపోలేదు కూడా. ముందు నల్లతెరలోకి వెళ్లి, నేర్పినట్టే, పది నిమిషాలు పెట్టాడు. పది యాభై ఒకటి. మనసులో శభాష్ అనుకున్నాను.

తర్వాత పదకొండు లైన్లూ ఎంచుకుని కాపీ చేశాడు. నీలంగా మెరుస్తున్న ఆ లైన్లలో అన్నిటికంటే కిందిది అప్పుడు చూశాను. సేవ్.

వాటిని రౌటరు తెరమీద పడేయకపోతే బాగుండు అనుకుంటూ ఉండగానే పడేశాడు.

తెర బిగుసుకుపోయింది. అనుకున్నట్టే తలుపు పడింది. మిగతా పదకొండుమందిలో ఎవరైనా ఇదే తప్పు చేసి ఉంటే వాళ్లకేం కాదు. వాళ్లు ఒక్కో లైనే టైపు చేస్తారు. ఏడో లైనుకే తలుపు పడిపోతుంది, ఎనిమిదోది కొట్టినా లోపలికి పోదు. బాబాయివి పదకొండూ ఒక్కసారే లోపలికి వెళ్లిపోయాయి. ఏడోది తలుపు వేసింది. మిగతా నాలుగూ అప్పటికే లోపల ఉన్నాయి కాబట్టి ఎవరి పని అవి చేసుకున్నాయి. ఆఖరిది, వేసిన తలుపుని వేసినట్టుగానే లోపలి జ్ఞాపకంలో రాసేసింది. ఇక పెట్టె పది నిమిషాలకి లేచినా, పదిసార్లు లేచినా, చదువుకునేది దాన్నే.

ఇదంతా నాకు తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. ఆయనకి తెలియలేదు. తెరమీద ఏమీ కనిపించలేదు కదా. ఆయనకి తెలిసిందల్లా తలుపు పడిందని, టైమరు ఉందని. మౌస్ పక్కకి జరిపి, కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తలుపు పడితే పెట్టెని కెలకొద్దు, కదలకుండా కూర్చోండి అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినదాన్ని నేనే. ఏడాదిలో నా మాట అంత బాగా విన్నవాడు ఇంకొకడు లేడు.

నీలం చీటీ కీబోర్డు కింద ఉంది. పదకొండుకి ఇంకా ఏడు నిమిషాలుంది. ఇప్పుడు ఆ చీటీ ఇస్తే ఇరవై మార్కులు పోతాయి, తక్కిన ఎనభై ఉంటాయి. అరవై చాలు. ఒక్క మాట చాలు. చీటీ ఇవ్వండి బాబాయ్. ఆ మాట నోట్లోనే ఉంది. గదిలో పన్నెండుమంది ఉన్నారు. రేడియో నాలుక బయటపెట్టి ఏదో టైపు చేసుకుంటోంది, దానికి ఇదే మొదటి పరీక్ష.

ఎవర్ని పడితే వాళ్లని, ఎప్పుడు పడితే అప్పుడు తిట్టే నోరు ఇది. ఆ ఒక్క మాటనీ నోట్లోనే కుక్కుకుని నిలబడ్డాను.

చివరికి దగ్గాను. నిజంగా వచ్చిన దగ్గు కాదని గదిలో అందరికీ తెలిసేలా వచ్చింది. పరీక్షాధికారి తలెత్తింది. బాబాయి కూడా ఇటు చూశాడు. నేను ఆయన ముఖం చూడలేదు, కీబోర్డు కింద చీటీ వైపే చూశాను. ఆయన నా చూపు వెంట చీటీ దాకా వెళ్లాడు. అర్థమైంది. కానీ ఆయనకి అర్థమైంది ఏమిటంటే, ఈ పిచ్చిది నాకోసం భయపడుతోంది అని. అక్కర్లేదన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపి, నన్ను చూసి నవ్వాడు. ఆ తర్వాత పరీక్షాధికారి నన్నే చూస్తోందని గమనించి, తనవల్ల నా ఉద్యోగానికి మాట రాకూడదనుకున్నాడేమో, కుర్చీ అటు తిప్పుకున్నాడు. అటువైపు గాజు తలుపు. దాని అవతల వరండాలో, ఆ రోజు పొద్దున్నే వచ్చి కూర్చున్న పిన్ని. ఆవిడ్ని చూసి కూడా నవ్వాడు.

"పదకొండయింది. ఇక చీటీలు తీసుకోను" అంది పరీక్షాధికారి.

పదకొండూ ఒక నిమిషానికి పెట్టె తనంతట తాను ఆగింది. లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. బాబాయి ముందుకి వంగి లోపలికి వెళ్లబోయాడు. రానివ్వలేదు. మళ్లీ ప్రయత్నించాడు. తన వైపు కేబుల్ ఊడిందేమోనని చూసుకున్నాడు, మళ్లీ ప్రయత్నించాడు. అప్పుడు నోట్‌ప్యాడ్ తెరిచి, ప్రశ్నపత్రం ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పైనుంచి ఒక్కో లైనూ వేలితో చదివాడు. 33 దగ్గర వేలు ఆగింది. తల పంకించాడు. వేలు మళ్లీ కిందికి జరిగింది, ఆఖరి లైను దాకా. అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. చీటీ తీసి చెయ్యెత్తాడు.

"టైమయిపోయిందండీ" అంది ఆవిడ.

"సరేనమ్మా" అని చీటీని మళ్లీ కీబోర్డు కింద నలగకుండా పెట్టాడు. పదకొండున్నర దాకా అలాగే కూర్చున్నాడు. పదకొండుమంది పాసయ్యారు.

అందరూ వెళ్లాక పరీక్షాధికారి బల్ల దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. ఆ ఆఖరి లైను నేను రాయించిందేనని, లైన్లన్నీ ఒకేసారి పడేయమన్నదీ నేనేనని, కావాలంటే నా మీద రాసుకోమని చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది. మనిషి చెడ్డదేం కాదు.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మీకు కాదు కదండీ, ఆయనకి" అంది. అని గడియారం చేతికి పెట్టుకుంది.

బాబాయి తన బల్ల దగ్గరే ఉన్నాడు. మిగిలిన తీగముక్కలు ఏరి డబ్బాలో వేస్తున్నాడు. పక్కకి వెళ్లి నిలబడ్డాను. ఏడాదిలో మొదటిసారి నేను చేతులు కట్టుకున్నాను.

"బాబాయ్, తప్పు నాది. సేవ్ ఆఖర్ని పెట్టమన్నది నేను. దూరపు పెట్టెకి అలా పెట్టకూడదని చెప్పాల్సింది. నాకు తట్టలేదు."

"33 కొట్టింది నేనమ్మా. కళ్లు నావి."

"33 కొడితే ఏం కాదు. నేనైనా కొడతాను. సేవ్ లేకపోతే టైమరుకి తెరుచుకునేది. నేనే మిమ్మల్ని—"

"అలా అనకండమ్మా" అన్నాడు. కసిరినట్టు అన్నాడు. ఆయన నన్ను కసరడం ఎప్పుడూ వినలేదు. "మీరు నేర్పిందే తప్పంటే ఈ ఏడాదంతా నేను చేసిందేమిటి? నేను సరిగ్గా చదవలేదు, పోయింది. అలా ఉండనివ్వండి."

తప్పు నాదని ఒప్పుకుంటే మనసు కాస్త తేలికపడుతుందనుకున్నాను. ఆయన తీసుకోనన్నాడు.

"యార్డుకి నేను ఫోన్ చేసుకుంటాను" అన్నాడు. "మీ పిన్నికి మాత్రం మీరు చెప్పండి. నాకు నోరు రాదు."

గాజు తలుపు తోసుకుని వరండాలోకి వెళ్లాను. పిన్ని బల్లమీదనుంచి లేచి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. నేను నోరు తెరిచేలోపే నా రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు తెలుసులే అమ్మాయ్, చెప్పక్కర్లేదు. అద్దంలోంచి చూస్తూనే ఉన్నా. అందరూ తలలు వంచుకుని కొట్టుకుంటున్నారు, ఈయన మాత్రం పని ముగించేసుకుని దొరలా వెనక్కి వాలాడు. నన్ను చూసి నవ్వాడు కూడా. మా ఆడపడుచుకి అప్పుడే ఫోన్ చేసి చెప్పేశా."

"పోయింది పిన్నీ" అన్నాను.

ఆవిడకి వెంటనే ఎక్కలేదు. నా ముఖం చూసింది, నా భుజం మీదుగా లోపల తీగముక్కలు ఏరుకుంటున్న మనిషిని చూసింది. చేతులు వదలలేదు.

"పోతే మరి అంతసేపు నవ్వుతూ ఎందుకు కూర్చున్నాడమ్మా" అని అడిగింది.

"నేను చెప్పినట్టు చేశాడు కదా పిన్నీ, అందుకు" అన్నాను. "నన్ను నమ్ముకుని కూర్చున్నాడు."